సన్నబడ్డ తూము ఫైలు

శివారు కాలువల డివిజన్ కార్యాలయంలో ఇకమీదట కాగితం అనేది కంటికి కనపడదని మంత్రిగారు ప్రకటించిన సమయానికి, అబ్బులు చేతిలో కాగితం పట్టుకుని మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. అది 1999 ఏప్రిల్ ఇరవై మూడో తారీఖు. మంత్రిగారు రాజమండ్రి నుంచి మూడు కార్లలో వచ్చి, షామియానా కింద నిలబడి, ఆనకట్ట కట్టిన తరవాత గోదావరి డెల్టాలో ఇంతటి ఘట్టం మళ్లీ ఇదేనన్నారు. ప్రతి ఫైలూ కంప్యూటర్లోనే పుట్టి, కంప్యూటర్లోనే పెరిగి, కంప్యూటర్లోనే పరిష్కారమవుతుందన్నారు. అందరితో పాటు చప్పట్లు కొట్టడానికి అబ్బులు తన కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకోవలసి వచ్చింది.

ఆ కాగితం ఒక అర్జీ. అబ్బులుది కాలువకి చిట్టచివర ఉండే మెరకపాలెం. ఆ ఊరి తూము తలుపు తుప్పుపట్టి, రెండో పంట దాళ్వా చివర్లో కిందికి దిగి అక్కడే బిగుసుకుపోయింది. తూము కింద పదకొండు కుటుంబాలకి ఇరవై రెండు ఎకరాలున్నాయి. అందులో అబ్బులుది రెండున్నర. జూన్ పదిన కాలువలు వదులుతారు. ఈలోగా తలుపు మార్చకపోతే నారుమళ్లకి నీళ్లు రావు. నారు లేకపోతే తొలి పంట సార్వా లేదు. సార్వా లేకపోతే పదకొండు ఇళ్లవాళ్లూ ఆ ఏడాది బియ్యం కొనుక్కుని తినాలి. కాలువ కట్టేసిన ఈ నెలన్నరలో తప్ప తూము పని చెయ్యడానికి మళ్లీ ఏడాది దాకా కుదరదు.

నలుగురు మగాళ్లు గునపాలు పట్టుకెళితే గంటలో అయ్యే పని అని అతని భార్య రామలక్ష్మి అభిప్రాయం. కానీ తూము గవర్నమెంటుది. దాన్ని ఇనప పనిముట్టుతో తాకితే కేసు పెడతారు. అబ్బులు చట్టానికి భయపడే మనిషి, పైగా అర్జీ మీద నమ్మకం ఉన్న మనిషి. అందుకే బస్సెక్కాడు.

సభ అయ్యాక డివిజన్‌కి పెద్ద ఇంజనీరైన ఈఈ ఉదయభాస్కర్ గారి దగ్గరకి వెళ్లి అర్జీ చేతికివ్వబోయాడు. ఈఈగారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. ఆయన ఎవరినీ కసురుకునే మనిషి కాదు. కాగితాలు తీసుకోవడం పదకొండు గంటల నలభై నిమిషాలతో ఆగిపోయిందని, ఇప్పుడు పన్నెండయిందని చాలా మర్యాదగా చెప్పారు. ఆ తరవాత అబ్బులు భుజం మీద చెయ్యేసి స్వయంగా కంప్యూటర్ గదికి తీసుకెళ్లారు. చెప్పులు బయట విడిచారు. లోపల ఏసీ మంచు కురిపిస్తోంది. కంప్యూటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. దాని ముందు మెర్సీ అనే అమ్మాయి స్వెట్టర్ వేసుకుని కూర్చుంది. రాజమండ్రిలో కంప్యూటర్ కోర్సు చేసి, కాంట్రాక్టు మీద ఆపరేటర్‌గా చేరింది. ఆ అమ్మాయి అర్జీని చూస్తూ పావుగంటలో టైపు చేసింది. ఈఈగారు ఆ అర్జీని చరిత్రలో మొదటి ఫైలుగా ప్రకటించారు. అబ్బులుకి ఫొటో కూడా తీశారు.

"ఇంక మీరు నిశ్చింతగా ఉండండి. ఫైలు లోపల పడింది" అన్నారు.

ఆయన అన్నది అక్షరాలా నిజమని అబ్బులుకి మే ఆరో తారీఖున తెలిసింది.

ఈలోగా కార్యాలయంలో ఒక పెద్ద సంస్కరణ జరిగింది. మెర్సీ మొదట్లో అందరికీ తలో ఫోల్డరూ చేసి ఒకే వరసలో పెట్టింది. సూపరింటెండెంట్ సుకుమార్ గారు, ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి, దాన్ని చూసి నిలువునా వణికారు. ఈఈగారి ఫోల్డరూ, అటెండర్ చిట్టియ్య ఫోల్డరూ పక్కపక్కనే, ఒకే సైజులో ఉన్నాయి. పైగా చిట్టియ్యది ముందుంది. ఇది చూస్తే మంత్రిగారు ఏమనుకుంటారని సుకుమార్ గారు ఆ పూటంతా భోజనం చెయ్యలేదు. సాయంత్రానికి హోదా ప్రకారం కొత్త ఏర్పాటు రాయించారు. అన్నిటికీ పైన ఈఈగారి ఫోల్డరు. దాని లోపల ఆయన కింది ఇంజనీరు డీఈగారిది. దాని లోపల సూపరింటెండెంటు గారిది. దాని లోపల గుమస్తాది. అందులో అర్జీల ఫోల్డరు, అందులో అబ్బులు.

చూడటానికి ఏర్పాటు ముచ్చటగా ఉంది. చిక్కల్లా ఒకటే. అర్జీని తెరవాలంటే ముందు ఈఈగారి ఫోల్డర్లోకి వెళ్లాలి. చీటీ పంపకుండా ఈఈగారి గదిలోకి వెళ్లడం ఆ కార్యాలయంలో ఎన్నడూ లేదు. ఫోల్డరు మాత్రం గది కాదా అన్నారు సుకుమార్ గారు. కాబట్టి మెర్సీ పొద్దున్నే చీటీ రాసి చిట్టియ్య చేత పంపించేది. ఈఈగారు సంతకం పెట్టి పంపితే అప్పుడు కార్యాలయం తెరుచుకునేది. ఈఈగారు క్యాంపులో ఉంటే తెరుచుకునేది కాదు. ఆ పదిహేను రోజుల్లో ఆయన తొమ్మిది రోజులు క్యాంపులో ఉన్నారు.

"మీ అర్జీ ఎక్కడికీ పోలేదండి. ఐదు గదుల అవతల ఉంది. మొదటి తలుపు దగ్గర నన్ను ఆపేశారు" అంది మెర్సీ, మే ఆరున వచ్చిన అబ్బులు కళ్లలోకి చూడలేక కీబోర్డు వైపు చూస్తూ.

ఆ అమ్మాయి తప్పు లేదని అబ్బులుకి అర్థమైంది. పాపం, ఆ చలిగదిలో తన గురించి బాధపడుతున్న మనిషి ఒక్కరున్నందుకే అతనికి గుండె నిండిపోయింది. వచ్చేటప్పుడు సంచిలో తెచ్చిన నాలుగు మామిడికాయలు అక్కడే పెట్టి వెళ్లాడు.

క్యాంపు నుంచి వచ్చాక ఈఈగారు సంగతి విని నొచ్చుకున్నారు. ఆయన ప్రజాస్వామ్యవాది. తన ఫోల్డరు వల్ల ప్రజలకి అడ్డం కాకూడదన్నారు. నిజమైన కార్యాలయంలో మొదట కనిపించేది బయట స్టూలు మీద కూర్చునే అటెండరే కనక, కంప్యూటర్లో కూడా అన్నిటికన్నా బయట చిట్టియ్య ఫోల్డరే ఉండాలని, అందరికన్నా లోపల తనది ఉండాలని ఆర్డరు వేశారు. ఆ రోజు నుంచి మొత్తం కార్యాలయం చిట్టియ్య లోపల ఉంది. చిట్టియ్య మనిషి కొంచెం నిటారుగా నడవడం మొదలుపెట్టాడు. మెర్సీ కంప్యూటర్ ముట్టుకోబోతే ఏం పని మీద అని అడిగేవాడు. అతను భోజనానికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి కూడా భోజనానికి వెళ్లేది.

అయినా అబ్బులు ఫైలు కదిలింది. తూము తలుపు ఎస్టిమేటు వెయ్యమని ఈఈగారు రాశారు. మే ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం మెర్సీ ఆ ఎస్టిమేటు టైపు చేసి అర్జీతో కలిపేసింది. తలుపు ఎత్తు, వెడల్పు, చెక్క, రంగు, కూలీ, అన్నీ వివరంగా ఉన్నాయి. కొత్త తలుపు చెక్కది వేస్తే తుప్పు బాధ ఉండదని డీఈగారి సూచన. ఆ వెంటనే ఇంకో ఎస్టిమేటు కూడా టైపు చేసింది. జూన్ రెండున మంత్రిగారు తనిఖీకి వస్తున్నారు. ఆయనకి గేటు దగ్గర స్వాగతం చెప్పే ఆర్చికి కూడా ఎత్తు, వెడల్పు, చెక్క, రంగు, కూలీయే కాబట్టి, మెర్సీ మొదటిదాన్నే కాపీ చేసి అంకెలు మార్చింది. పది నిమిషాల్లో అయిపోయింది.

ఇక అసలు తగువు మొదలైంది. ప్రతి సోమవారం రివ్యూ మీటింగులో, ఫలానా ఫైలు ఎవరి దగ్గరుందని ఈఈగారు అడుగుతారు. ఉన్నవాళ్లు పనిచేస్తున్నట్టు, లేనివాళ్లు ఖాళీగా ఉన్నట్టు లెక్క. మంత్రిగారి పర్యటన ఫైలు పోగా, మొత్తం కార్యాలయంలో ఉన్నది ఒక్క తూము ఫైలు. అది గుమస్తా ఫోల్డర్లో ఉంటే డీఈగారు చిన్నబుచ్చుకునేవారు. డీఈగారి ఫోల్డర్లోకి మారిస్తే సుకుమార్ గారు మాట్లాడటం మానేసేవారు. చివరికి మెర్సీ ఒక ఉపాయం చేసింది. ఫైలుని గుమస్తా దగ్గరే ఉంచి, మిగతా ఎనిమిదిమంది ఫోల్డర్లలో దానికి షార్ట్‌కట్లు పెట్టింది. షార్ట్‌కట్ అంటే ఫైలు కాదని, అసలు ఫైలు ఫలానాచోట ఉందని చెప్పే చీటీ అని, దాన్ని నొక్కితే అది మనల్ని అసలుదాని దగ్గరకి తీసుకెళుతుందని అందరికీ విడమరిచి చెప్పింది. వాళ్లు బొమ్మ చూశారు. బొమ్మ కింద మూలన చిన్న బాణం గుర్తుంది. మిగతాదంతా అచ్చం ఫైలులాగే ఉంది. అందరూ తృప్తిపడ్డారు.

ఆ వారం అబ్బులు వచ్చి ఒక్కొక్క బల్ల దగ్గరకీ వెళ్లాడు. తొమ్మిదిమందీ తొమ్మిదిసార్లు, మీ ఫైలు నా దగ్గరే ఉందని చెప్పారు. అతని యాభై రెండేళ్ల జీవితంలో ఫైలు తన దగ్గరుందని ఒప్పుకున్న ఉద్యోగిని చూడటం అదే మొదటిసారి. ఒకేరోజు తొమ్మిదిమందిని చూసేసరికి కళ్లు చెమ్మగిల్లాయి. ఇంటికెళ్లి రామలక్ష్మితో చెబితే, ఆవిడ అంతా విని, తలుపు ఎప్పుడొస్తుందో అడిగావా అంది. అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మే ఇరవయ్యెనిమిదిన సుకుమార్ గారు మంత్రిగారి తనిఖీ కోసం కంప్యూటర్ని ముందుగా తనిఖీ చేశారు. ఫైళ్ల పక్కన వాటి సైజు కూడా కనపడుతుందని ఆయనకి ఆ రోజే తెలిసింది. తూము ఫైలు ఎనిమిదిమంది దగ్గర ఒక్కొక్క కేబీ ఉంది. గుమస్తా దగ్గర మాత్రం నలభై ఆరు కేబీలుంది. సుకుమార్ గారు గుమస్తాని పిలిచి మెత్తగానే మందలించారు. ఈఈగారంతటివారు ఒక్క కేబీతో సర్దుకుంటున్నప్పుడు, గుమస్తాకి నలభై ఆరు ఎందుకన్నారు. గుమస్తా సిగ్గుపడ్డాడు. ఆ సాయంత్రమే పొదుపు సర్క్యులర్ వచ్చింది. ఒకే ఫైలు పలుచోట్ల ఉన్నప్పుడు సన్నవి ఉంచి, లావుది తీసెయ్యాలి. మంత్రిగారి పర్యటనకి సంబంధించిన ఫైళ్లకి మాత్రం మినహాయింపు.

మెర్సీ పరిగెత్తుకుంటూ వెళ్లింది.

"సార్, ఆ లావుదే ఫైలండి. మిగతావన్నీ దాని అడ్రసులండి. అది తీసేస్తే ఇంక ఏమీ ఉండదండి" అంది.

"అలా నోటితో చెబితే ఎలాగమ్మా. నోటు పెట్టు" అన్నారు సుకుమార్ గారు.

మెర్సీ నోటు పెట్టింది. చిత్తశుద్ధితో, బొమ్మలు గీసి, ఫైలు ఏది, షార్ట్‌కట్ ఏది, రెంటికీ తేడా ఏమిటి అని రెండు పేజీలు రాసింది. ఎనిమిదిమంది ఫోల్డర్లలో దానికీ షార్ట్‌కట్లు పెట్టింది. అది ఇరవై నాలుగు కేబీలయింది. మర్నాడు పొదుపు సర్క్యులర్ ప్రకారం తూము ఫైలుతో పాటు దాన్ని కూడా తీసేశారు. తీసేసినవన్నీ తెర మీద చెత్తబుట్ట బొమ్మలో పడ్డాయి. మంత్రిగారు వచ్చే వేళకి బుట్టలో చెత్త ఉండటం బాగుండదని దాన్ని కూడా ఖాళీ చేశారు. కార్యాలయం బరువు మూడొంతులు తగ్గిందని ఈఈగారు పైకి రిపోర్టు పంపారు. పైనుంచి అభినందన వచ్చింది, కాగితం మీద.

జూన్ రెండో తారీఖున గేటు దగ్గర ఆర్చి కింద నుంచి మంత్రిగారు లోపలికొచ్చారు. అబ్బులుని కూడా పిలిపించారు, చరిత్రలో మొదటి అర్జీదారుడు కదా. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కంప్యూటర్ వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాలువలు వదలడానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. చెక్క తలుపు బిగించడానికి రెండు రోజులు చాలని అతను వడ్రంగిని అడిగి వచ్చాడు. మంత్రిగారు ఊ అంటే చాలు.

మంత్రిగారు విలేఖరుల వైపు తిరిగి, ఒక ఫైలు తీసి చూపించమన్నారు. ఈఈగారు తన ఫోల్డరు తెరిపించి తూము ఫైలు చూపించారు. మెర్సీ దాన్ని నొక్కింది. తెర మీద చిన్న గడి ఒకటి తెరుచుకుంది. అందులో ఒక టార్చిలైటు బొమ్మ అటూ ఇటూ ఊగుతూ దేనికోసమో వెతకడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా అది?" అన్నారు మంత్రిగారు.

"ఫైలు కనపడటం లేదండి. వెతుకుతోందండి" అంది మెర్సీ. ఆ అమ్మాయికి అబద్ధం చెప్పడం రాదు.

సుకుమార్ గారు కళ్లు మూసుకున్నారు. కానీ మంత్రిగారి మొహం వికసించింది. ఇరవై ఏళ్ల రాజకీయ జీవితంలో ఫైలు కనపడటం లేదన్న మాట వెయ్యిసార్లు విన్నానని, కనపడని ఫైలు కోసం ఒకరు చెప్పకుండా, కసరకుండా, తనంతట తనే లైటు వేసుకుని వెతకడం మాత్రం ఇప్పుడే చూస్తున్నానని ఆయన విలేఖరులతో అన్నారు. చప్పట్లు మోగాయి. అబ్బులు కూడా కొట్టాడు. టార్చి అంత శ్రద్ధగా వెతుకుతుంటే అతనికి నిజంగానే ఆశ కలిగింది.

కాసేపటికి టార్చి ఆగింది. గడిలో ఇంగ్లీషులో ఏదో వచ్చింది.

"ఇప్పుడేమంటోంది?"

"ఆ ఫైలు లేదటండి. డేటూ, సైజూ చూస్తే దానికి దగ్గరగా ఇంకోటి ఉందటండి. పోనీ ఇదిమ్మంటారా అని అడుగుతోందండి."

"అంత మర్యాదగా అడుగుతుంటే వద్దంటామా? ఇమ్మను" అన్నారు మంత్రిగారు.

మెర్సీ ఈఈగారి వైపు చూసింది. ఈఈగారు మంత్రిగారి వైపు చూసి తలూపారు. నొక్కింది. తెర నిండా ఎస్టిమేటు పరుచుకుంది. మొదటి వరసలోనే మంత్రిగారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆయన అంతకు మించి చదవలేదు. శివారు రైతుల తూము ఫైలులో కూడా తన పేరు మొదట పెట్టుకున్నారని పొంగిపోయారు. మంజూరు, ఈ క్షణం నుంచే మంజూరు అని బల్ల మీద కొట్టి చెప్పారు. విలేఖరులు రాసుకున్నారు. ఈఈగారికి విషయం అర్థమైంది. కానీ పదిమంది ముందు మంత్రిగారి మాట సరిదిద్దడం సర్వీసు రూల్సులో ఎక్కడా లేదు. ఫైలు పేరేమో మెరకపాలెం తూము. అందులో ఉన్నదేమో ఆర్చి. మంజూరు మాత్రం నికార్సయిన మంజూరు. ఆయన మూడింటినీ కలిపి ఒక ఆర్డరు తయారుచేశారు.

జూన్ ఎనిమిదిన మెరకపాలెంలో ట్రాక్టరు ఆగింది. పదకొండు కుటుంబాలవాళ్లూ కాలువ గట్టు మీదకి పరిగెత్తారు. కాంట్రాక్టరు మనుషులు నాలుగు పొడుగాటి సర్వి బాదులు, అంటే లావుపాటి సరుగుడు కర్రలు, దింపి, తూముకి అటూ ఇటూ గుంటలు తవ్వి పాతి, అడ్డకర్రలు కట్టి, గుడ్డ చుట్టి, స్వాగతం అని రాసిన చెక్క పైన బిగించారు. తలుపేదని అబ్బులు అడిగితే ఆర్డరు చూపించారు. మర్నాడు మొదటి బస్సుకే డివిజన్ కార్యాలయానికి పోయాడు.

ఈఈగారు కుర్చీ వేయించి మంచినీళ్లు ఇప్పించారు. తలుపు ఫైలు తమ అందరి దగ్గరా భద్రంగా ఉందని, వచ్చే ఏడు కాలువ కట్టెయ్యగానే అది కూడా చూద్దామని అన్నారు. ఆర్చి మాత్రం పూర్తయింది కనక ముట్టినట్టు సంతకం పెట్టమన్నారు.

"ఇకనుంచి ఆర్చి మీదేనండి. నిర్వహణ కూడా లబ్ధిదారులదే. అందులో ఇంక మేం కలగజేసుకోం" అన్నారు.

అబ్బులు సంతకం పెట్టి, రసీదు నకలు తీసుకున్నాడు. బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది. అంత కోపం అతనికి ఎప్పుడూ రాలేదు. ఇంటికొచ్చాక రామలక్ష్మి అన్నం పెట్టి పక్కన కూర్చుంది.

పదో తారీఖున కాలువలు వదిలారు. పన్నెండున నీళ్లు మెరకపాలెం చేరాయి. తలుపు దాకా వచ్చి, బిగుసుకున్న ఇనప రేకుకి ఆనుకుని నిలిచిపోయాయి. ఇవతల నారుమళ్లు పగుళ్లిచ్చి ఉన్నాయి. గట్టు మీద పదకొండు కుటుంబాలూ నిలబడి చూస్తున్నాయి. కాలువకి కాపలా కాసే లస్కరు బుల్లియ్య కూడా వచ్చి నిలబడ్డాడు, ఎవరైనా గునపం తెస్తారేమోనని.

"ఇనప పనిముట్లు తగలకూడదు కదా బుల్లియ్యా?" అన్నాడు అబ్బులు.

"కూడదండి. రూలండి."

"మరి కర్రో?"

బుల్లియ్య రూల్లో కర్ర మాట లేదన్నాడు. ఆ పైన, తనకి అవతలి తూము దగ్గర పనుందని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆర్చి ఎవరిదన్న సందేహం ఎవరికీ లేదు. అబ్బులు చేతిలో రసీదుంది. అరగంటలో నాలుగు బాదులూ ఊడొచ్చాయి. తలుపు పైనున్న కడియానికి మోకు కట్టి, మోకులో రెండు బాదులు దూర్చి, తూము గోడ మీద ఆన్చి, అవతలి కొసన పదిమంది బరువు వేశారు. మొదటి బాది కిర్రుమంది గానీ విరగలేదు. మూడోసారికి తుప్పు పెళుసుగా రాలి, తలుపు జానెడు లేచింది. తరవాత మూరెడు లేచింది. నీళ్లు ఎర్రగా, చెత్తతో సహా ఇవతలికి దూకాయి. రామలక్ష్మి చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నారుమడి గట్టు తెగ్గొట్టడానికి పరిగెత్తింది.

వారం తరవాత డీఈగారు తనిఖీకి వచ్చారు. ఆర్చి లేదు, నీళ్లున్నాయి. ఆర్చి లేదని రాస్తే అది ఎందుకు లేదో రాయాలి. ఆయన ఆలోచించి, ఆర్చి పూర్తి చేసిన నాలుగు రోజుల్లో మెరకపాలెం శివారు భూములకి నీరందినది అని రాశారు. అందులో తప్పేమీ లేదు. మెర్సీ దాన్ని టైపు చేసింది. ఈఈగారు పైకి పంపారు. పైవాళ్లు ఇంకా పైకి పంపారు.

ఆగస్టులో రాజమండ్రిలో పెద్ద సభ జరిగింది. మెరకపాలెం ప్రయోగం విజయవంతమైనందున, డెల్టాలో నీరందని నలభై ఒక్క శివారు తూములకి తక్షణమే ఆర్చీలు మంజూరు చేస్తున్నట్టు మంత్రిగారు ప్రకటించారు. అబ్బులుని వేదిక మీదకి పిలిచి శాలువా కప్పారు. దిగొచ్చాక, ముందు వరసలో కూర్చున్న ఇద్దరు రైతులు లేచి అతని వెంట బయటకొచ్చారు. వాళ్లది ఇంకో కాలువ చివర ఊరు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఆర్చి పెడితే నిజంగా నీళ్లొస్తాయాండీ అని అడిగారు.

"ఆయ్, వస్తాయండి" అన్నాడు అబ్బులు, శాలువా మడత పెడుతూ. "బాదులు మాత్రం సర్వివే వేయించుకోండి. వెదురు వేస్తామంటే ఒప్పుకోకండి."